మూడో రోజు పాలు మానేసిన బిడ్డ: జీవక్రియ లోపాలు, ఆ ఇంటికి కావలసిన ఆసరా

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పటికీ చెదరని ఆనవాయితీ. బిడ్డ పుట్టగానే అత్తవారింటికి కబురు వెళుతుంది, వాళ్లు వచ్చి చూసి వెళతారు, పురుటి స్నానం ఎప్పుడు, ఉయ్యాలలో వేసేదెప్పుడు అన్న మాటలు మొదలవుతాయి. జన్యుపరమైన జీవక్రియ లోపంతో పుట్టిన బిడ్డ తరచుగా ఈ సందడి మధ్యలోనే జబ్బు పడుతుంది. పుట్టినప్పుడు బరువు బాగానే ఉంటుంది, గట్టిగా ఏడుస్తుంది, మొదటి రోజు పాలు తాగుతుంది. రెండో రోజో మూడో రోజో చప్పరించడం తగ్గిపోతుంది. అరికాలు గీరి లేపినా లేవకుండా మగతగా పడుకుంటుంది, తాగిన నాలుగు చుక్కలూ కక్కేస్తుంది, ఊపిరి వేగం పెరుగుతుంది, కొందరిలో ఫిట్స్ కూడా మొదలవుతాయి. ఆ క్షణం నుంచి రెండు ఇళ్ల వాళ్లు ఏం చేస్తారు, ఏం మాట్లాడతారు అన్న దాని మీద బిడ్డ ప్రాణంతో పాటు ఆ తల్లి మిగతా జీవితం కూడా ఆధారపడి ఉంటుంది. ఈ జబ్బుల వైద్యంలో పెద్ద భాగం వంటింట్లో, ఉయ్యాల పక్కన, రాత్రి రెండు గంటలకు పాలపొడి కలిపే చోట జరుగుతుంది. అందువల్ల ఆ కుటుంబానికి చేయగల సాయాల్లో అన్నిటికన్నా విలువైనది, ఆ కనిపెట్టుకుని ఉండే భారాన్ని తల్లి ఒక్కదాని మీద వదిలేయకుండా పంచుకోవడం.

జీవక్రియ లోపం అంటే ఏమిటో నెల్లూరు రైతు కుటుంబానికి కాలువ భాషలో చెబితే తేలికగా అర్థమవుతుంది. సంగం దగ్గర పెన్నా నీటిని ఆపి కాలువల్లోకి మళ్లిస్తారు. దారిలో ఒక తూము మూసుకుపోతే దాని పైన నీరు నిలిచి గట్లు తెగుతాయి, దాని కింద పైరు ఎండిపోతుంది. తాగిన పాలలోని మాంసకృత్తులు, కొవ్వు, చక్కెర శరీరంలో మెట్టు మెట్టుగా విడిపోయి శక్తిగానూ కండగానూ మారతాయి. ప్రతి మెట్టు దగ్గర ఒక ఎంజైము తూములా పనిచేస్తుంది. ఆ ఎంజైమును తయారుచేయించే జన్యువులో లోపం ఉంటే, విడిపోవలసిన పదార్థం అక్కడే పేరుకుని మెదడుకో కాలేయానికో విషమవుతుంది, దిగువన అందవలసినది అందకుండా పోతుంది. కడుపులో ఉన్నంత కాలం ఆ విషాన్ని మావి ద్వారా తల్లి శరీరం తొలగిస్తూ ఉంటుంది కాబట్టి బిడ్డ పుట్టుకతో ఆరోగ్యంగానే కనిపిస్తుంది. బొడ్డు తాడు కోసి, పాలు మొదలైన తర్వాతే లోపం బయటపడుతుంది. మాంసకృత్తులు విడిపోగా మిగిలే అమోనియాను యూరియాగా మార్చి బయటికి పంపే వరసను యూరియా చక్రం అంటారు, దాని లోపాల్లో అమోనియా పేరుకుంటుంది, ఆర్గానిక్ ఆసిడ్ లోపాల్లో రక్తం ఆమ్లంగా మారుతుంది, గెలాక్టోసీమియాలో పాలచక్కెరే హాని చేస్తుంది, కొవ్వును శక్తిగా మార్చుకోలేని లోపాల్లో నాలుగు గంటలు ఎక్కువ పస్తుంటే చక్కెర పడిపోతుంది. ఇలాంటి లోపాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఒక్కొక్కటీ అరుదే అయినా, అన్నిటినీ కలిపి చూస్తే వెయ్యి, రెండు వేల కాన్పుల్లో ఒకటి అన్న లెక్కకు వస్తుంది.

వీటిని గుర్తించడం ఎందుకు ఆలస్యమవుతుందో అర్థం చేసుకోవాలి. పాలు తాగని, మగతగా ఉన్న పసిబిడ్డను చూడగానే ఏ వైద్యుడికైనా మొదట తోచేది రక్తంలో ఇన్‌ఫెక్షన్, అది సమంజసమైన అనుమానమే. వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టడమూ సరైనదే. అయితే దాంతో పాటే అదే గంటలో రక్తంలో చక్కెర, ఆమ్లత్వం, అమోనియా కూడా చూడాలి. అమోనియా నమూనాను ఐసులో పెట్టి నిమిషాల్లో ల్యాబుకు చేర్చకపోతే ఫలితం తప్పుగా వస్తుంది. ఇక్కడ కుటుంబం చేయగల గొప్ప సాయం ఒకటుంది. ఇంతకుముందు ఆ ఇంట్లోనో దగ్గరి బంధువుల్లోనో ఇలాగే మూడో రోజు, అయిదో రోజు పాలు మానేసి బిడ్డ పోయిన సంగతి ఉంటే దాన్ని దాచకుండా చెప్పడం. అటువంటి మరణాలను పక్షి దోషమనీ బాలారిష్టమనీ అనుకుని, అశుభమని, పురిటింట ఆ మాట ఎత్తకుండా ఉండే అలవాటు మనకుంది. తాయెత్తు కట్టినందువల్ల బిడ్డకు కలిగే నష్టమేమీ లేదు. దాన్ని కట్టించడం కోసం గడిచిపోయే ఒక పూటే మెదడుకు చేటు చేస్తుంది. పెద్దామె ఎవరైనా ధైర్యం చేసి "మా ఆడబిడ్డ కొడుకు కూడా ఇట్లే పోయాడు సార్" అని చెప్పిన ఒక్క వాక్యం, కొన్ని సార్లు ఖరీదైన పరీక్షల కంటే ముందుగా దారి చూపిస్తుంది.

వాసన కూడా ఒక ఆనవాలే. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే లోపంలో బిడ్డ మూత్రం, చెవి గుమిలి మాడిన చక్కెర పాకంలా వాసన వేస్తాయి. ఆ వాసనకు కారణమైన సోటోలోన్ అనే పదార్థమే మెంతుల్లోనూ ఉంటుంది. పాలు పడాలని బాలింతకు మెంతులు పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే కాబట్టి, మెంతులు తిన్న తల్లి బిడ్డ దగ్గర అదే వాసన వచ్చి వైద్యులు పొరపడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అంటే తల్లి ఏమి తిన్నదో అడగడం కూడా పరీక్షలో భాగమే. మాంసకృత్తుల్లోని ఫినైలాలనిన్ అనే భాగం విడిపోకుండా పేరుకునే ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు లోకానికి తెలిసింది సైతం ఒక తల్లి పట్టుదల వల్లనే. నార్వేలో బోర్గ్‌నీ ఎగెలాండ్ అనే ఆమె తన ఇద్దరు పిల్లల మూత్రంలో వింత వాసనను గమనించి, ఎందరు వైద్యులు కొట్టిపారేసినా వదలకుండా తిరిగింది. చివరికి 1934లో అస్‌బ్యోర్న్ ఫోలింగ్ ఆ మూత్రాన్ని పరీక్షించి కారణం కనిపెట్టాడు. అప్పటికే ఆ పిల్లల మెదడుకు జరగవలసిన నష్టం జరిగిపోయింది. తల్లి చెప్పే చిన్న విషయాన్ని శ్రద్ధగా వినడం మర్యాద కోసం చేసే పని మాత్రమే కాదని ఈ చరిత్ర నిరూపిస్తుంది.

జబ్బు బయటపడక ముందే పట్టుకునే మార్గం నవజాత శిశు పరీక్ష. పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య మడమ నుంచి కొన్ని చుక్కల రక్తం తీసి ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి పంపితే, టాండెమ్ మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతిలో పదుల కొద్దీ లోపాలను ఒకేసారి వెతకవచ్చు. చాలా దేశాల్లో ప్రతి బిడ్డకూ తప్పనిసరిగా చేసే ఈ పరీక్ష మన దేశంలో అందరికీ లేదు. కేరళ, గోవా వంటి కొన్ని రాష్ట్రాలే ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీన్ని కార్యక్రమంగా చేపట్టాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక లోపాలను, ఎదుగుదల ఆలస్యాన్ని వెతికే వ్యవస్థను జిల్లా స్థాయి దాకా తెచ్చింది కానీ, కంటికి కనిపించని ఈ లోపాలు ఆ వలలో పడవు. ఒక్క ఉదాహరణ చాలు నవజాత శిశు పరీక్ష విలువ చెప్పడానికి. బయోటినిడేజ్ లోపం ఉన్న బిడ్డకు రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్ ఇస్తే మామూలు పిల్లలాగే పెరుగుతుంది. ఇవ్వకపోతే ఫిట్స్, చెవుడు, చూపు కోల్పోవడం దాకా వెళ్లవచ్చు, పోయిన వినికిడి మళ్లీ రాదు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ముందు ఈ పరీక్ష గురించి అడగడం, ముఖ్యంగా మేనరికం ఉన్న ఇళ్లలోనూ ముందు బిడ్డ పోయిన ఇళ్లలోనూ, ప్రతి తాతకూ అమ్మమ్మకూ తెలియవలసిన విషయం. ఆసుపత్రి కాన్పు అయిన ఇంటికి ఆశా కార్యకర్త మొదటగా వచ్చేది కూడా మూడో రోజే. పాలు తాగడం గురించి ఆమె అడిగే ప్రశ్నకు "తాగుతుందిలే" అని తేలికగా కాక, ఎన్ని సార్లు, ఎంత సేపు అని లెక్కగా జవాబు చెప్పడం మంచిది.

జబ్బు పేరు తెలిసిన రోజున జరిగే పొరపాటు మరొకటుంది. వైద్యుడు తండ్రినో మామగారినో వరండాలోకి పిలిచి చెబుతాడు, మగవాళ్లు మాట్లాడుకుని "పచ్చి బాలింత, ఇప్పుడే చెప్పొద్దు" అని తీర్మానించుకుంటారు. ఉద్దేశం ప్రేమే. ఫలితం మాత్రం, బిడ్డకు ప్రతి మూడు గంటలకూ పాలిచ్చే మనిషికే ఆ పాల గురించిన నిజం తెలియకుండా పోతుంది. అందరి ముఖాలూ చూసి ఆమె ఊహించుకునేది అసలు నిజం కంటే భయంకరంగా ఉంటుంది. తల్లిదండ్రులిద్దరినీ కలిపి కూర్చోబెట్టి, వీలైతే ఆమె అమ్మను కూడా పక్కన ఉంచి, తెలుగులో, తూకమైన మాటలతో చెప్పడం, జబ్బు పేరును ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఇవ్వడం, మర్నాడు మళ్లీ పిలిచి అదే విషయాన్ని మొదటి నుంచి చెప్పడం అవసరం. మొదటి రోజు విన్నది ఎవరికీ సగం కూడా గుర్తుండదు. ఈ పనికి పట్టేది అరగంట. రద్దీగా ఉండే పసిపిల్లల వార్డులో ఆ అరగంట దొరకడం కష్టమన్నది నిజమే అయినా, దాన్ని వైద్యం నుంచి వేరు చేసి చూడలేం.

ఆ తర్వాత మొదలయ్యేది నిందల వరస. పథ్యం సరిగా చేయలేదని, గ్రహణం నాడు బయట తిరిగిందని, ఆమె పాలు పడలేదని. ఈ మాటల్లో ఏ ఒక్కదానికీ జబ్బుతో సంబంధం లేదు. ఈ లోపాల్లో అధిక భాగం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపమున్న జన్యువులు కలిసినప్పుడే వస్తాయి. తల్లికీ తండ్రికీ ఒక్కొక్క మంచి జన్యువు కూడా ఉంటుంది కాబట్టి వాళ్లు వాహకులైనా ఆరోగ్యంగానే ఉంటారు, తాము వాహకులమని తెలుసుకునే అవకాశమే వాళ్లకు ఉండదు. అటువంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకరికి వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదన్న లెక్క తప్పు. పాచిక ప్రతి సారీ కొత్తగా పడుతుంది. యూరియా చక్రం లోపాల్లో ఒకటైన ఓటీసీ (ఆ చక్రంలోని ఒక ఎంజైము) లోపం వంటి కొన్ని మాత్రం తల్లి ఎక్స్ క్రోమోజోము ద్వారా మగబిడ్డకు వస్తాయి. ఆ సందర్భంలో వైద్యుల మాటల్లో ఇంకా ఎక్కువ జాగ్రత్త ఉండాలి, ఎందుకంటే "తల్లి వల్ల" అన్న రెండు పదాలు పెద్దల చెవిన పడ్డాక వాటిని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

మేనరికం సంగతి సూటిగానే మాట్లాడుకోవాలి. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు, మేనత్త మేనమామల పిల్లల మధ్య ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి. అందువల్ల ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన అరుదైన లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం బయటి సంబంధంలో కన్నా ఎక్కువ. అలాగని మేనరికం చేసుకున్న జంటల్లో ఎక్కువ మందికి ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు, మేనరికం కాని జంటలకూ ఈ జబ్బులు వస్తాయి. పెళ్లి కుదిర్చింది పెద్దలు, పొలం బయటికి పోకూడదనో, పిల్ల కళ్ల ముందే ఉంటుందనో. అదే పెద్దలు బిడ్డకు జబ్బు రాగానే ఆ పిల్లను తప్పుపట్టడం అన్యాయం. జన్యు సలహా ఇచ్చేవారు ఈ శాతాలను చెప్పేటప్పుడు అత్తమామలు కూడా ఆ గదిలో ఉంటే, ఇద్దరి వైపు నుంచీ సమానంగా వచ్చిందన్న మాటను వాళ్లు వైద్యుడి నోటి నుంచే వింటారు. కోడలు చెబితే అది వాదనగా మారుతుంది.

పాలు ఆపమని చెప్పవలసి వచ్చే జబ్బు గెలాక్టోసీమియా. తల్లిపాలలోనూ ఆవుపాలలోనూ ఉండే లాక్టోజ్ ఈ బిడ్డకు కామెర్లు, కాలేయం దెబ్బతినడం, కంట్లో శుక్లం, ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు తెచ్చిపెడుతుంది. వెంటనే లాక్టోజ్ లేని సోయా పాలపొడికి మారాలి. తల్లిపాలే అమృతమని గోడల మీద రాసిన వార్డులో కూర్చుని తన పాలు తన బిడ్డకు పనికిరావని వినడం ఏ తల్లికైనా గుండెకోత. ఆమెకు అప్పుడు కావలసింది బిడ్డకు సోయా డబ్బా ఒక్కటే కాదు. రొమ్ములు గడ్డకట్టకుండా పాలు కొద్దికొద్దిగా పిండి నెమ్మదిగా తగ్గించుకోవడం ఎలాగో చూపించే నర్సు, ఒళ్లో పడుకోబెట్టుకుని సీసాతో పట్టినా బిడ్డకు తల్లి దగ్గరితనం తగ్గదని చెప్పే అమ్మ కూడా కావాలి. మిగతా జబ్బుల్లో చాలావాటికి తల్లిపాలు పూర్తిగా మానవలసిన పని లేదు. ప్రత్యేకమైన పాలపొడితో పాటు కొలత ప్రకారం తల్లిపాలు కూడా ఇస్తారు. ఈ తేడా తెలియక, "మెటబాలిక్ జబ్బు" అన్న మాట వినగానే పాలు మాన్పించేసిన ఇళ్లలో తల్లికీ బిడ్డకూ అనవసరమైన నష్టం జరుగుతుంది. పుట్టగానే తేనె నాకించే అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఏడాది లోపు ఏ బిడ్డకూ తేనె మంచిది కాదు. ఫ్రక్టోజ్ పడని లోపమున్న బిడ్డకైతే ఆ తేనె, పంచదార నీళ్లు నేరుగా విషమే.

బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక తిండి లెక్క మొదలవుతుంది. మాంసకృత్తులను విడగొట్టలేని జబ్బుల్లో బిడ్డకు రోజుకు ఇన్ని గ్రాములని పథ్య నిపుణులు నిర్ణయిస్తారు. వంద గ్రాముల బియ్యంలో 7 నుంచి 8 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, అంతే తూకం కందిపప్పులో 20 గ్రాములు దాటుతాయి, సగ్గుబియ్యంలో దాదాపు ఉండనే ఉండవు. నెల్లూరు ఇంట్లో చంటిబిడ్డకు పెట్టే మొదటి ముద్ద పప్పన్నమో పెరుగన్నమో అయి ఉంటుంది. ఈ బిడ్డకు ఆ రెండూ కొలిచి పెట్టవలసినవే. మరీ తగ్గించినా ప్రమాదమే. అవసరమైన మాంసకృత్తులు అందకపోతే శరీరం తన కండనే కరిగించుకుని, అదే విషాన్ని లోపలి నుంచి తయారుచేస్తుంది. అందుకే వంటింట్లో గ్రాముల కాటా ఒకటి, గోడకు తగిలించిన పట్టిక ఒకటి ఉండాలి, ఆ పట్టిక చదవడం ఇంట్లో కనీసం ముగ్గురికి రావాలి. నాయనమ్మ ముద్దుగా పెట్టిన పాలకోవా ముక్క, తాత అరటిపండులో పెట్టి తినిపించిన పచ్చసొన, పక్కింటి వాళ్లు చేతిలో పెట్టిన చిక్కీ ఏవీ దురుద్దేశంతో పెట్టినవి కావు. వాటిని అడ్డుకోవలసిన బాధ్యత ప్రతి సారీ తల్లిదే అయినప్పుడు ఆమె ఇంట్లో గయ్యాళిగా మిగిలిపోతుంది. అన్నప్రాశన రోజున పాయసం బదులు సగ్గుబియ్యం జావ నాకిద్దామని మామగారే ముందుగా అంటే ఆమె భారం సగం తగ్గుతుంది. బిడ్డ అంగన్‌వాడీకి వెళ్లే వయసు వచ్చాక అక్కడ ఇచ్చే గుడ్డు, పాలు, బాలామృతం గురించి టీచరుకు రాతపూర్వకంగా చెప్పాలి, బడిలో మధ్యాహ్న భోజనం వేళ మళ్లీ చెప్పాలి. తోటి పిల్లల ముందు బిడ్డను వేరుగా కూర్చోబెట్టకుండా, వేరే డబ్బాతో అదే వరసలో కూర్చోబెట్టే మార్గం చూడాలి.

"లంఖణం పరమౌషధం" అన్న సామెత తరతరాలుగా మన ఇళ్లలో జ్వరానికి మొదటి చికిత్స. ఈ బిడ్డల విషయంలో ఆ సామెతను పూర్తిగా పక్కన పెట్టవలసి ఉంటుంది. జ్వరం, వాంతులు, విరేచనాలు వచ్చినప్పుడు తిండి ఆగిపోతే శరీరం తన నిల్వలను కరిగించడం మొదలుపెడుతుంది, ఆగి ఉన్న తూము పైన వరద ఒక్కసారిగా పెరుగుతుంది. చాలా జబ్బుల్లో అటువంటి రోజు మామూలు మాంసకృత్తుల ఆహారాన్ని వైద్యుడు చెప్పినంత సేపు ఆపి, గ్లూకోజును ఆపకుండా ఇస్తారు. నోటి ద్వారా నిలవకపోతే ఇంటి దగ్గర ఎదురు చూడకుండా ఆసుపత్రికి వెళ్లి సిర ద్వారా పెట్టించాలి. టీకా వేయించాక జ్వరం వస్తుందని టీకాలే మానేయడం తప్పు, ఆ జ్వరానికి ముందే సిద్ధమై ఉండటం సరైన పద్ధతి. ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. రాత్రి పూట 108లో బిడ్డను ఎక్కించినప్పుడు మొదట చేరేది దగ్గరి చిన్న ఆసుపత్రికే, అక్కడి డ్యూటీ డాక్టరు ఈ జబ్బు పేరు జీవితంలో మొదటిసారి వింటూ ఉండవచ్చు.

ఆ రాత్రికి పనికొచ్చేది ఒక్క కాగితం. చికిత్స చేస్తున్న నిపుణుడు సంతకం చేసి ఇచ్చిన అత్యవసర పత్రంలో జబ్బు పేరు, బిడ్డను పస్తు ఉంచరాదని, చూడటానికి మామూలుగా ఉన్నా ఆలస్యం చేయకుండా పది శాతం డెక్స్‌ట్రోజ్ (సిర ద్వారా ఎక్కించే గ్లూకోజు) మొదలుపెట్టాలని, చక్కెర, అమోనియా, బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆమ్లత్వం చూపే పరీక్ష) చూడాలని, ఏ మందులు ఇవ్వరాదో రాసి ఉండాలి. ఉదాహరణకు ఫిట్స్‌కు తరచుగా వాడే వాల్‌ప్రోయేట్ యూరియా చక్రం లోపమున్న బిడ్డలో అమోనియాను పెంచుతుంది. ఈ పత్రం నకళ్లు పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఒకటి, తండ్రి ఫోనులో ఒకటి, ఊరి ఆశా దగ్గర ఒకటి ఉంటే, తల్లి ఊరిలో లేని రోజున కూడా బిడ్డకు రక్షణ ఉంటుంది. ముందుగానే దగ్గరి ఆసుపత్రి పిల్లల వైద్యుడిని ఒకసారి కలిసి ఆ కాగితం చూపించి పరిచయం చేసుకున్న కుటుంబాలకు, అర్ధరాత్రి గుమ్మం దగ్గర వాదించవలసిన అవసరం రాదు. బంధువుల్లో చదువుకున్న కుర్రవాడెవరైనా ఈ ఒక్క పనిని నెత్తిన వేసుకుంటే చాలు, ఆ కుటుంబానికి అంతకు మించిన కానుక ఉండదు.

ఇక ఖర్చు. ప్రత్యేకమైన పాలపొడుల్లో ఎక్కువ భాగం విదేశాల నుంచి రావలసినవే, నెల నెలా కొనాలి, ఏళ్ల తరబడి కొనాలి. 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఈ జబ్బులను మూడు వర్గాలుగా విభజించి, ప్రత్యేక పాలపొడులతో, తక్కువ ఖర్చు మందులతో దీర్ఘకాలం చికిత్స చేయవలసిన జీవక్రియ లోపాలను రెండో వర్గంలో చేర్చింది. ఎంపిక చేసిన విశిష్ట కేంద్రాల్లో చికిత్స పొందే వారికి ఇచ్చే సాయం పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచారు. మన వైపు వారికి అందుబాటులో ఉన్న కేంద్రాలు హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రితో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ ఒకటి, చెన్నైలో నెల్లూరు వాళ్లు ఎగ్మోరు పిల్లల ఆసుపత్రి అని పిలుచుకునేది మరొకటి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఒంగోలు వారికి రెండు నగరాలూ ఇంచుమించు సమాన దూరం. సొంత వాడకానికి దిగుమతి చేసుకునే మందులకూ ప్రత్యేక ఆహారానికీ 2023 ఏప్రిల్ 1 నుంచి కస్టమ్స్ సుంకం మినహాయించారు, అందుకు జిల్లా వైద్యాధికారి స్థాయి ధ్రువపత్రం సరిపోతుంది. ఈ కాగితాల పని, కార్యాలయాల చుట్టూ తిరగడం, ఫోటోలు, ఆధార్ నకళ్లు, ఆసుపత్రి సారాంశాలు, ఇదంతా బాలింత చేయగలిగింది కాదు, కూలికి వెళితే తప్ప ఇల్లు గడవని తండ్రికి కూడా సాధ్యం కాదు. చందాలు వేసుకుని ఒకసారి డబ్బు ఇవ్వడం కన్నా, బంధువుల్లో ఒకరు ఆ ఫైలును తమ బాధ్యతగా తీసుకోవడం ఎక్కువ కాలం నిలిచే సాయం.

నిల్వ విషయంలో ఈ తీరానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇక్కడ వానలు, వాయుగుండాలు మామూలే. 2021 నవంబరులో పెన్నాకు వచ్చిన వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. మామూలు బిడ్డ ఇంట్లో అది రెండు రోజుల ఇబ్బంది. ప్రత్యేక పాలపొడి మీద బతికే బిడ్డ ఇంట్లో అది ప్రాణగండం. ఆ మూడు నెలలూ కనీసం రెండు వారాలకు సరిపడా పొడి, గ్లూకోజు, మందులు ఇంట్లో వేరుగా పెట్టుకోవడం, తీరప్రాంత గ్రామాల్లో పునరావాస కేంద్రానికి తరలించే జాబితాలో ఇలాంటి బిడ్డ ఉన్న ఇంటిని ముందు పేర్కొనమని సచివాలయ సిబ్బందికి చెప్పి ఉంచడం అవసరం.

మళ్లీ కడుపు పండాలనుకునే దంపతులకు ముందే తెలియవలసిన విషయం ఒకటి. జబ్బుపడిన బిడ్డలో ఏ జన్యువులో ఏ మార్పు ఉందో తేలి ఉంటేనే తర్వాతి గర్భంలో పరీక్ష సాధ్యమవుతుంది. అది తెలిసి ఉంటే 11 నుంచి 14 వారాల మధ్య మావి నుంచి చిన్న నమూనా తీసి, లేదా 16వ వారం ప్రాంతంలో ఉమ్మనీరు తీసి చూడవచ్చు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 నాటి చట్టమే జన్యుపరమైన జీవక్రియ జబ్బుల కోసం గర్భస్థ పరీక్షలను స్పష్టంగా అనుమతిస్తుంది కాబట్టి, అడగడానికి భయపడనవసరం లేదు. ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది ఆ దంపతుల నిర్ణయం. గర్భం నిలుపుకుని, పుట్టిన గంట నుంచే చికిత్సకు సిద్ధం కావడం కూడా ఆ నిర్ణయాల్లో ఒకటి.

అన్నిటికంటే తక్కువ ఆసరా దొరికేది బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి. బిడ్డ దక్కదని తెలిసిన గంటల్లో, కాగితం మీద రక్తపు చుక్కలు, డీఎన్ఏ కోసం కొంత రక్తం, వీలైతే మూత్రం తీసి దాచమని అడగడం ఎవరికీ నోరు రాని పని. అయినా వైద్యుడో బంధువో ఆ మాట అడగాలి, ఎందుకంటే ఆ చుక్కలు లేకుండా తర్వాతి గర్భంలో దేన్ని వెతకాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోతాయి. పసిబిడ్డ కాబట్టి కర్మకాండ కూడా పెద్దగా ఉండదు, పేరు పెట్టకముందే పోయింది కాబట్టి తలుచుకోవడానికి పేరు కూడా ఉండదు, తల్లికి మాత్రం పాలు పడుతూనే ఉంటాయి. ఆశా కార్యకర్త ఇంటికి రావలసిన రోజులు మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు అని లెక్క ఉంది. ఆ లెక్క పసిబిడ్డ పేరు మీద రాసినదే అయినా, ఉయ్యాల ఖాళీ అయిన ఇంటికి కూడా ఆమె ఆ రోజుల్లో వెళ్లి, రొమ్ము నొప్పి గురించి, నిద్ర గురించి అడిగి, ఆసుపత్రి ఇచ్చిన కాగితాలు ఒక కవరులో భద్రంగా ఉన్నాయో లేదో చూసి, బిడ్డకు ఏ పేరు పెట్టాలనుకున్నారని ఆ తల్లిని ఒకసారి అడగాలి.